సైడ్ డ్రమ్ముల శబ్దంలో కంపెనీ వాటా ఎంత, బిగింపు వాటా ఎంత, వాయించే చేతుల వాటా ఎంత?

ప్రశ్న: నల్లగొండ నుంచి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. నల్లగొండకు దగ్గరలోని ఒక గురుకుల పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ పిల్లల బ్యాండు బాధ్యత కూడా చూస్తున్నాను. మా దగ్గర ఆరు సైడ్ డ్రమ్ములు, రెండు టెనర్ డ్రమ్ములు, ఒక బేస్ డ్రమ్ము, ఒక జత సింబల్స్, కొన్ని బ్యూగిళ్లు ఉన్నాయి. డ్రమ్ములన్నీ మీరట్‌లో తయారైనవే అయినా ఒకేసారి కొన్నవి కావు. కొన్నింటి డొల్ల ఇత్తడిది, కొన్నింటిది స్టీలుది. తోలు చిరిగినప్పుడల్లా ఆ సమయానికి దొరికిన ప్లాస్టిక్ తోలు వేయిస్తూ వచ్చాం కాబట్టి ఇప్పుడు ఏ రెండు డ్రమ్ముల మీదా ఒకే రకం తోలు లేదు.

పిల్లలు తాళం తప్పడం లేదు. అడుగూ దెబ్బా కలుస్తున్నాయి. అయినా పరేడ్ మైదానంలో దూరంగా నిలబడి వింటే ఆరు డ్రమ్ములు ఒక్కటిగా వినిపించవు. ఒకటి టంగుమంటుంది, పక్కది డబడబమంటుంది, మరొకదాని కింది తోలుకు ఆనుకుని ఉండే తీగలు దెబ్బ అయిపోయిన తర్వాత కూడా గరగరలాడుతూ ఉంటాయి. అదే మైదానంలో మరో పాఠశాల బృందం వాయించినప్పుడు ప్రతి దెబ్బా విడివిడిగా, స్పష్టంగా వినిపించింది.

మా పూర్వ విద్యార్థులు కొందరు కొత్త డ్రమ్ములు కొనిస్తామని ముందుకు వచ్చారు. పెర్ల్ లేదా యమహా మార్చింగ్ డ్రమ్ములు తెప్పిస్తే అమెరికా డ్రమ్‌లైన్ల (కవాతు చేస్తూ వాయించే డ్రమ్ము బృందాల) వీడియోల్లో వినిపించే ఆ పొడి, పదునైన శబ్దం మనకూ వస్తుందని వారి నమ్మకం. వారి డబ్బు వృథా కాకూడదన్నది నా ఆరాటం. శబ్దాన్ని నిజంగా నిర్ణయించేది కంపెనీయా, తోలూ దాని బిగింపా, వాయించే పిల్లలా? దేన్ని ముందు సరిచేసుకోవాలి?

మరొక విషయం కూడా అడగాలి. మా బృందంలో ఇద్దరు పిల్లలు డప్పు వాయించే కుటుంబాల నుంచి వచ్చారు. లయ మీద వారికున్న పట్టు మిగతా పిల్లల్లో ఎవరికీ లేదు. కానీ వరుసలో నిలబెట్టి వాయింపజేస్తే వారి దెబ్బే అందరికన్నా పైకి వినిపిస్తుంది. వారి ఉత్సాహం తగ్గకుండా దీన్ని సరిదిద్దే మార్గం చెప్పగలరు.

సమాధానం: మిర్యాలగూడ నుంచి వాద్యాల మరమ్మతు చేసే ఒకరు

నమస్కారం సార్. పెళ్లి బ్యాండ్ల డ్రమ్ములు, పాఠశాలల డ్రమ్ములు మరమ్మతు చేయడం మా వృత్తి. మీరు రాసిన లక్షణాల్లో చాలావరకు తోలుకూ కింది తీగలకూ సంబంధించినవే. కొత్త డ్రమ్ముల మాట తర్వాత చూడవచ్చు. ముందుగా ఉన్న ఆరింటికీ పైన ఒకే రకం తోలు, కింద ఒకే రకం తోలు, ఒకే రకం తీగల పట్టీ వేయించండి. మందం వేరైన తోళ్లను ఎంత ఓపికగా శ్రుతి చేసినా వాటి గొంతు కలవదు. పై తోలు మందం సాధారణంగా 10 మిల్లులు (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే దాదాపు పావు మిల్లీమీటరు ఉంటుంది. కింది తోలు అంతకన్నా చాలా పలుచనిది, మామూలు సైడ్ డ్రమ్ములకు 3 మిల్లులది వాడతారు. మన వైపు చాలా బ్యాండ్లలో కింది తోలు చిరిగితే పైన వేసే మందపు తోలునే కింద కూడా వేసేస్తారు. అలా చేస్తే చిన్న దెబ్బకు తీగలు పలకవు. వాటిని పలికించడానికి ఆ పిల్లవాడు మిగతావారికన్నా గట్టిగా కొట్టాల్సి వస్తుంది, వరుస అక్కడే చెదిరిపోతుంది.

బిగించే ముందు తోలు విప్పి, చీకటి గదిలో డొల్లను నున్నని గ్రానైట్ బండ మీద బోర్లించి లోపల టార్చి వెలిగించండి. అంచు కిందినుంచి ఎక్కడ వెలుతురు బయటికి వస్తుందో అక్కడ అంచు దెబ్బతిన్నట్టు లెక్క. అక్కడ తోలు సమంగా కూర్చోదు, ఆ వైపు బోల్టును ఎంత తిప్పినా శ్రుతి నిలవదు. కింది అంచులో తీగల పట్టీ కోసం ఎదురెదురుగా రెండు చోట్ల కావాలనే కొంచెం పల్లంగా చేసి ఉంటుంది. దాన్ని లోపం అనుకుని అరగదీయకండి.

అంచు బాగుంటే తీగలను వదులు చేసి, కింది తోలుతో మొదలుపెట్టండి. బోల్టులన్నీ వేళ్లతో తిరిగినంతవరకు తిప్పాలి. ఆ తర్వాత తాళంచెవితో ఒక బోల్టు, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న బోల్టు, మళ్లీ మొదటిదాని పక్కది, దాని ఎదురుది అన్న వరుసలో, ఒక్కోసారి పావు చుట్టుకు మించకుండా బిగించుకుంటూ పోవాలి. పక్కపక్క బోల్టులను వరుసగా బిగిస్తే రిమ్ము (తోలును పట్టి ఉంచే కడియం) ఒక వైపుకు ఒరిగి తోలు మొత్తం అటే గుంజుకుంటుంది. తోలు కొంత బిగిసిన తర్వాత మధ్యలో ఒక వేలు తేలికగా ఆనించి, ప్రతి బోల్టుకు ఎదురుగా అంచు నుంచి అంగుళం లోపల కర్ర కొనతో మెల్లగా తట్టి వినండి. ఒక చోట స్వరం హెచ్చుగా, మరో చోట తగ్గుగా వినిపిస్తే, తగ్గిన చోట కొద్దిగా బిగించి, హెచ్చిన చోట కొద్దిగా వదలాలి. అన్ని బోల్టుల దగ్గరా ఒకే స్వరం వచ్చేవరకు ఈ పని ఆపకూడదు. పై తోలుకు కూడా ఇదే పద్ధతి. తీగలను చివరగా చూడాలి. తీగల స్క్రూను మెల్లగా తిప్పుతూ పోతే ఒక చోట గరగర ఆగిపోయి, వేలితో తట్టినా తీగలు చిటుక్కున పలుకుతాయి. అక్కడితో ఆపాలి, ఇంకా బిగిస్తే శబ్దం మూసుకుపోతుంది.

ఆరు డ్రమ్ములనూ ఒకే మనిషి, ఒకే పూటలో బిగించాలి. ఒకదాన్ని నమూనాగా పెట్టుకుని మిగతావాటిని ఒక్కొక్కటిగా దాని పక్కన పెట్టి స్వరం కలపాలి. ఎవరి డ్రమ్మును వారే బిగించుకునే బ్యాండు ఎన్నటికీ ఒక్క గొంతుతో పలకదని నా గట్టి అభిప్రాయం.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. అమెరికా వీడియోల్లోని శబ్దం కోసం కెవ్లార్ అనే కృత్రిమ నారతో నేసిన తోలు తెప్పించి మీ పాత డ్రమ్ములకు వేయించకండి. ఆ తోలు సాగదు, సరిగ్గా పలకాలంటే విపరీతంగా బిగించాలి. మన పలుచని రేకు డొల్లలు ఆ గుంజుడును తట్టుకోలేవు. డొల్ల గుండ్రం తప్పడం, రిమ్ము వంగడం, బోల్టు మర అరిగిపోవడం మా దుకాణానికి వచ్చిన డ్రమ్ముల్లో చూశాను.

సమాధానం: మహబూబ్‌నగర్ వాసి, అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ డ్రమ్‌లైన్‌లో వాయించిన ఒకరు

పైన మిర్యాలగూడ అన్నగారు రాసిన ప్రతి మాటా పాటించదగినదే. నేను కంపెనీల సంగతి, వాయించేవారి సంగతి రాస్తాను.

ఆ పొడి శబ్దానికి మూలం కంపెనీ పేరు కన్నా ముందు తోలులో ఉంది. డ్రమ్ములకు ఒకప్పుడు దూడ తోలు వాడేవారు. వానకు అది సడలిపోయేది, ఎండకు బిగుసుకునేది. 1957లో రెమో బెల్లి స్థాపించిన రెమో సంస్థ పాలియెస్టర్ పొరతో చేసిన తోళ్లను విస్తృతంగా అందుబాటులోకి తెచ్చిన తర్వాత ఆ ఇబ్బంది తగ్గింది. అయితే ఆ పొరకు కూడా ఒక హద్దు ఉండేది, అతిగా బిగిస్తే సాగిపోయేది లేదా చిరిగిపోయేది. డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ 1965లో కనుగొన్న కెవ్లార్ నారను నేసి చేసిన తోళ్లు 1980ల చివరలో మార్చింగ్ డ్రమ్ముల మీదికి రావడంతో ఆ హద్దు చెరిగిపోయింది. వాయించేవారు తోలును బల్లంత గట్టిగా బిగించడం మొదలుపెట్టారు. దాంతో పాత నిర్మాణంలోని డ్రమ్ములు ఒత్తిడికి వంగిపోసాగాయి, కంపెనీలు డ్రమ్మును కొత్తగా రూపొందించక తప్పలేదు.

కాబట్టి పెర్ల్, యమహా, డైనాస్టీ, టామా, మేపెక్స్ వంటి కంపెనీల మధ్య తేడాను నేను ముఖ్యంగా లోహపు పనిలో చూస్తాను. ఉదాహరణకు పెర్ల్ ఎఫ్‌ఎఫ్‌ఎక్స్ డ్రమ్ములో బోల్టుల గుంజుడు చెక్క డొల్ల మీద పడదు. పైనా కిందా ఉన్న లోహపు చట్రాలే దాన్ని మోస్తాయి, డొల్ల వాటి మధ్య స్వేచ్ఛగా కూర్చుని ఉంటుంది. ఇలాంటి డ్రమ్ముల్లో చుట్టలు తిరిగిన స్టీలు తీగల బదులు గట్టి నారల వంటి తంతులు ఉంటాయి, ఒక్కో తంతును విడిగా బిగించుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. దెబ్బ వెనక గరగర లేకుండా శబ్దం టక్కున ఆగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. డొల్ల మేపుల్ చెక్కా, బిర్చ్ చెక్కా అన్న చర్చ కూర్చుని వాయించే డ్రమ్ సెట్‌కు అవసరమే కావచ్చు. ఇంత బిగిసిన తోలు మీద మోత వెంటనే చచ్చిపోతుంది కాబట్టి, 14 అంగుళాల మార్చింగ్ స్నేర్ (సైడ్ డ్రమ్ము)లో డొల్ల చెక్క వల్ల వచ్చే తేడా మైదానం అవతలికి చేరదు. మంచి కంపెనీ డ్రమ్ము ఇచ్చేవి రెండు: ఎంత బిగించినా నిలిచే బలం, పది డ్రమ్ములు కొంటే పదీ ఒకేలా ఉండటం. ఈ రెండోది చిన్న విషయం కాదు. డబ్బు పెట్టేది నిజానికి దాని కోసమే.

టెనర్, బేస్ డ్రమ్ముల దగ్గర లెక్క మారుతుంది. అక్కడి టెనర్లకు కింద తోలు ఉండదు. 10, 12, 13, 14 అంగుళాల డ్రమ్ములను ఒకే చట్రానికి బిగించి, పక్కన చిన్నవి ఒకటి రెండు చేర్చి, ఒకే మనిషి మోస్తాడు. బేస్ డ్రమ్ములు మాత్రం ఒక్కొక్కరి భుజం మీద ఒక్కో పరిమాణంలో ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో స్వరం కుదిర్చి, ఒకే జతిని ఐదుగురు పంచుకుని వాయిస్తారు. వీటిలో మోత ఎక్కువ కాబట్టి శ్రుతి చిన్నగా తప్పినా వినిపిస్తుంది. తోలు అంచు చుట్టూ అంటించే స్పాంజి పట్టీ వెడల్పు మారినా శబ్దం మారుతుంది. మీ దగ్గర ఉన్న ఒక్క బేస్ డ్రమ్ముకు రెండు వైపులా అంచు పొడవునా సన్నని స్పాంజి పట్టీ అంటించి చూడండి. ఖర్చు నామమాత్రం, ఫలితం మొదటి రోజే తెలుస్తుంది.

ఇక చేతుల సంగతి. నా దృష్టిలో శబ్దానికి మొదటి యజమాని వాయించేవాడే. కర్ర తోలు మీద ఎంత ఎత్తు నుంచి పడుతుందన్నదే శబ్దం పరిమాణాన్ని నిర్ణయిస్తుంది. అందుకే అక్కడి వరుసల్లో ప్రతి దెబ్బకూ 3 అంగుళాలు, 6 అంగుళాలు, 9 అంగుళాలు, 12 అంగుళాలు అని ఎత్తు ముందే నిర్ణయిస్తారు. ఆరుగురిలో ఒకరు 9 అంగుళాల నుంచీ మిగతావారు 6 అంగుళాల నుంచీ కొడితే, ఎంత ఖరీదైన డ్రమ్ములైనా ఆ ఒక్కరి దెబ్బ పైకి తేలుతుంది. కర్ర తోలు మధ్యలో పడితే ఒక శబ్దం, రెండు అంగుళాలు పక్కకు జరిగితే మరో శబ్దం. అందరి కర్రలూ ఒకే బరువువీ, ఒకే ఆకారపు కొన ఉన్నవీ అయి ఉండాలి. మార్చింగ్ కర్రలు సుమారు 17 అంగుళాల పొడవుతో, మామూలు వాటికన్నా లావుగా ఉంటాయి. ముందు ఆరు జతల ఒకే రకం కర్రలు కొనండి, కొత్త డ్రమ్ముల కన్నా ఎన్నో రెట్లు చవక.

సాధనకు పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ అనే తాళవాద్యకారుల సంస్థ 1984లో ఖరారు చేసిన 40 రూడిమెంట్లు, అంటే మన మృదంగం పాఠాల వంటి మూల జతులు ఉన్నాయి. అన్నీ ఒకేసారి అవసరం లేదు. సింగిల్ స్ట్రోక్, డబుల్ స్ట్రోక్, పారడిడిల్, ఫ్లామ్ అనే నాలుగింటిని నెమ్మదిగా, ఒకే ఎత్తులో, అద్దం ముందు ప్యాడ్ మీద సాధన చేయిస్తే వరుస స్వరూపమే మారుతుంది. అమెరికాలో కవాతు బృందాల పోటీలు జరిపే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ 1972 నుంచి నిర్వహిస్తున్న ఛాంపియన్‌షిప్పుల్లో ఉత్తమ డ్రమ్ విభాగానికి ఇచ్చే పురస్కారం శాంటా క్లారా వాన్‌గార్డ్ అనే బృందానికి శిక్షకుడిగా పనిచేసిన ఫ్రెడ్ శాన్‌ఫర్డ్ పేరు మీద ఉంది. అక్కడి అభిమానులు ఒక వరుస శబ్దం గురించి మాట్లాడుకునేటప్పుడు ముందుగా ఆ వరుసకు నేర్పిన గురువు పద్ధతినే తలుచుకుంటారు.

ప్రశ్న అడిగినవారి నుంచి

ఇంత శ్రద్ధగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. కర్రలు, తోళ్లు ముందు మార్చాలని నిర్ణయించుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. మార్చి నెల ఎండల్లో సాధన చేసేటప్పుడు ఉదయం సరిగ్గా ఉన్న శ్రుతి మధ్యాహ్నానికి దిగిపోతోంది. డప్పును మంట మీద కాచినట్టు డ్రమ్ములను కొంతసేపు ఎండలో పెడితే బిగుస్తాయని ఒకరు సలహా ఇచ్చారు. అది మంచిదేనా?

సమాధానం: నాగర్‌కర్నూల్ నుంచి పోలీసు బ్యాండులో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒకరు

సార్, ఎండలో పెట్టవద్దు. డప్పు మీద ఉన్నది పశువు తోలు. గాలిలోని తడిని పీల్చుకుని సడలుతుంది, మంట వేడికి ఆ తడి ఆరిపోయి బిగుస్తుంది. మీ డ్రమ్ముల మీద ఉన్నది ప్లాస్టిక్ పొర, దానికి తడి పట్టదు. వేడికి అది వ్యాకోచించి సడలుతుంది. మీ శ్రుతి మధ్యాహ్నానికి దిగిపోవడానికి కారణం అదే. ఆరుబయట వాయించబోతున్నప్పుడు డ్రమ్ములను ముందుగా నీడలోనే బయట ఉంచి, ఆ వాతావరణానికి అలవాటు పడిన తర్వాత చివరి శ్రుతి చేయాలి. సాధన మధ్యలో విరామం ఇస్తే వాటి మీద తెల్లని గుడ్డ కప్పించండి.

డప్పు వాయించే పిల్లల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను. డప్పులో కుడి చేతి సిర్ర బరువైన దెబ్బ వేస్తుంది, ఎడమ చేతి సిటికెన పుల్ల సన్నని దెబ్బలు అల్లుతుంది. రెండు చేతుల పనీ వేరు, రెండింటి శబ్దమూ వేరు. ఆ తేడాలోనే డప్పు అందం ఉంది. సైడ్ డ్రమ్ము దీనికి పూర్తిగా భిన్నం, కుడి దెబ్బ ఏదో ఎడమ దెబ్బ ఏదో వినేవాడికి తెలియకూడదు. ఆ పిల్లల దెబ్బ పైకి వినిపించడానికి కారణం వారి కుడి చేయి చిన్నప్పటి నుంచి నేర్చుకున్న బరువు. గట్టిగా కొట్టవద్దని మందలిస్తే వారు రెండు చేతులనూ ముడుచుకుంటారు. దానికి బదులు ఎడమ చేతితో మొదలయ్యే జతులను ఎక్కువగా ఇవ్వండి. కుడి చేతిని మోకాలి మీద పెట్టించి, ఎడమ చేతితోనే పాఠం మొత్తం వాయింపజేయండి. ఎడమ చేయి కుడి చేతి స్థాయికి ఎదిగిన తర్వాత వారిని వరుస మధ్యలో నిలబెట్టండి. అంత లయజ్ఞానం ఉన్నవారు మధ్యలో ఉంటే రెండు వైపుల పిల్లలూ వారిని ఆసరా చేసుకుంటారు.

మధ్యలో అని ఎందుకు అంటున్నానంటే, శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. మీ బ్యాండు 20 మీటర్ల మేర పరుచుకుని ఉంటే ఒక చివరి దెబ్బ మరో చివర ఉన్నవారికి దాదాపు 0.06 సెకను ఆలస్యంగా చేరుతుంది. తేజ్ చల్‌లో (వేగపు కవాతులో) నిమిషానికి 120 అడుగులు, అంటే అడుగుకు అర సెకను. ఆ అర సెకనులో నాలుగు దెబ్బలు పడే జతి వాయిస్తుంటే ఒక్కో దెబ్బ మధ్య ఎడం 0.125 సెకను. దానిలో దాదాపు సగం దూరానికే పోతుంది. మీరు చెదిరిపోయిందని అనుకుంటున్న శబ్దంలో కొంత భాగం ఇదే అయి ఉండవచ్చు. సైడ్ డ్రమ్ములన్నింటినీ ఒకే వరుసలో దగ్గర దగ్గరగా, బేస్ డ్రమ్మును వారి వెనక సరిగ్గా మధ్యలో ఉంచండి. ముందున్నవారు వెనకనుంచి వచ్చే బేస్ దెబ్బను విని వాయించాలి. బేస్ వాయించేవాడు ముందున్న శబ్దాన్ని వెంబడించకూడదు, బ్యాండును ముందుండి నడిపించే డ్రమ్ మేజర్ అడుగును మాత్రమే చూడాలి.

మహబూబ్‌నగర్ తమ్ముడు రాసిన దాంట్లో ఒక్క విషయం దగ్గర నా అభిప్రాయం వేరు. ఆ పొడి శబ్దాన్ని మనం ఆదర్శంగా పెట్టుకోవలసిన అవసరం లేదు. మన పాఠశాల బ్యాండు వాయించేది బ్యూగిళ్ల పక్కన, కవాతు అడుగుకు. జాతీయ గీతానికి ముందు వాయించవలసిన డ్రమ్ రోల్ (ఎడతెగకుండా సాగే దెబ్బల మోత) గురించి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వులో స్పష్టంగా రాసి ఉంది. ధీమీ చాల్‌లో (నెమ్మది కవాతులో) 7 అడుగుల కాలం పాటు రోల్ సాగాలి. మెల్లగా మొదలై వీలైనంత గట్టిగా పెరిగి, మళ్లీ మొదటి మెత్తదనానికి దిగాలి, ఏడో అడుగు వరకు వినిపిస్తూనే ఉండాలి. ఆ తర్వాత ఒక అడుగు కాలం మౌనం, అప్పుడు గీతం. మీ ఆరు డ్రమ్ములకు ఇంతకన్నా గొప్ప పరీక్ష లేదు. మెత్తగా ఉన్న చోట తీగలు పలకని డ్రమ్ము ఏదో, పెరిగే చోట తొందరపడే పిల్లవాడు ఎవరో, దిగే చోట ముందే ఆగిపోయేవారు ఎవరో ఆ ఏడు అడుగుల్లో తెలిసిపోతుంది. ఈ రోల్‌ను కర్రను తోలు మీద కొద్దిగా అదిమి పలికిస్తారు. మధ్యస్థంగా బిగించిన తోలు, స్టీలు తీగలు ఉన్న డ్రమ్ము మీద అది కొత్త చేతులకు కూడా నిండుగా వస్తుంది. స్కాట్లాండ్ తరహా పైప్ బ్యాండ్ల డ్రమ్ములు కూడా విపరీతంగా బిగించినవే అయినా, వాటిలో కింది తోలుకే కాక పై తోలు కింద కూడా తీగలు ఉంటాయి కాబట్టి ఆ అదిమిన రోల్ పలుకుతుంది. ఏటా జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్‌లో డ్రమ్మర్స్ కాల్ అనే భాగం ఉంటుంది, పిల్లలకు అది చూపించండి. అమెరికా వరుసల వేగం కన్నా ముందు ఆ నిదానం, ఆ ఏకత్వం వారి చెవికి పట్టాలి.

పూర్వ విద్యార్థుల డబ్బు మిగిలితే విదేశీ డ్రమ్ములు ఒకటి రెండు కొని పాతవాటితో కలపకండి. కొంటే ఆరూ ఒకేసారి, ఒకే నమూనావి కొనాలి, లేకుంటే కొనకూడదు.

సమాధానం: మిర్యాలగూడ నుంచి మళ్లీ

పెద్దాయన చెప్పిన దానికి అదనంగా ఒక్క మాట. తోళ్లు ఆర్డరు చేసే ముందు ప్రతి డ్రమ్ము రిమ్మునూ పాత తోలునూ విప్పి, డొల్ల నోటి వ్యాసాన్ని రెండు దిక్కుల్లో కొలవండి. మన డ్రమ్ముల మీద 14 అంగుళాలని రాసి ఉన్నా కొన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువగా ఉంటాయి. కంపెనీ తోలు వాటి మీద బిగుతుగా ఇరుక్కుని సమంగా దిగదు. రెండు దిక్కుల కొలతలు కలవకపోతే ఆ డొల్ల గుండ్రం తప్పినట్టే, దానికి కొత్త తోలు కొనకుండా ముందు డొల్లను సరిచేయించండి. కొలతలు కాగితం మీద డ్రమ్ము వారీగా రాసి దుకాణానికి పంపితే సరైన తోళ్లు ఒకేసారి తెప్పించుకోవచ్చు.